అడగకముందే చెప్పెయ్

“అను. కుదరదు.”

“కుదరదేమోనండీ...”

“‘ఏమో’ తీసెయ్.”

“కుదరదండీ. కానీ మీరు మరీ ఇంతగా అడుగుతుంటే...”

నింగ్రుం దువ్వెన బల్లమీద పడేసింది. “అమ్మా! ఇంకా ఎవరూ అడగనేలేదు. నిన్ను నువ్వే బతిమాలుకుని నువ్వే ఒప్పేసుకుంటున్నావు.”

వినార్సి నాలుక కరుచుకుంది.

సలతిగ ఊళ్లోని ఆ వీధిలో ఎవరింట శుభకార్యమైనా పసుపన్నం గోపురంలా నిలబెట్టడానికి వినార్సి చెయ్యి పడాల్సిందే. ‘అలాగేనండీ’ అన్న మాట ఆమె నోట్లోంచి దానంతటదే జారిపడేది. చిన్నప్పుడు తోటిపిల్లలంతా చెరువులోకి దూకుతుంటే గట్టుమీద వాళ్ల బట్టలకు కాపలా కూర్చున్నది కూడా ఆ మాట పుణ్యానే. యాభై దాటాక ఈత నేర్చుకోవాలన్న కోరిక పుట్టి, తల నుంచి మడమల దాకా కప్పే మర్యాదైన ఈతదుస్తులు కొనుక్కుంది. అవి ఇంతవరకూ నీటి మొహం చూడలేదు. ముక్కవాసన పట్టకుండా అప్పుడప్పుడూ తీగమీద వేస్తుంది. పొడిగా వేసి పొడిగా తీస్తుంది.

ఆడవాళ్ల ఈత తరగతి ఈ ఆదివారం పొద్దున మొదలు. ఇప్పుడు చేరకపోతే ఉపవాస మాసం వెళ్లేదాకా మళ్లీ చేర్చుకోరు. సరిగ్గా ఆ ఆదివారమే వీధివాళ్లంతా కలిసి విందు పెట్టుకుంటున్నారని వినికిడి. అంటే వీధిపెద్ద భార్య సుమర్ని, అక్కడి గౌరవపు పిలుపులో ‘బు సుమర్ని’, వంట మాటకు ఇవాళో రేపో గుమ్మంలో దిగుతుంది.

“ఆవిడ అడిగేదాకా ఆగకు” అంది నింగ్రుం, మందుల దుకాణంలో తన డ్యూటీకి చెప్పులు వేసుకుంటూ. “అడిగితే కరిగిపోతావు. అడగకముందే చెప్పెయ్. మొహమాటంగా ఉంటే నా పేరు వాడుకో. మా అమ్మాయి ఒప్పుకోవడం లేదని చెప్పు.”

“నాకు చెప్పొచ్చావు గానీ, మీవాళ్లు సంబంధం మాట్లాడటానికి ఎప్పుడొస్తారని, నువ్వు మనసిచ్చిన ఆ దమర్‌ని అడగడానికి నీకు నోరొచ్చిందా?”

“అది వేరే సంగతి. వాళ్ల నాన్న ఇప్పటికి మెత్తబడ్డాడు. వాళ్ల ఊరు క్లాటెన్ నుంచి కారు వేసుకుని రావాలంటే మంచిరోజు చూసుకోవద్దూ?” అంటూ నింగ్రుం వెళ్లిపోయింది.

వినార్సికి కాలు ఒకచోట నిలవలేదు. వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయలతో “కుదరదు” అంది. పిల్లితో అంది. అది మాత్రం లెక్కచెయ్యలేదు.

మధ్యాహ్నం గేటు చప్పుడైంది. బు సుమర్ని! మంచి బాతిక్ అద్దకం బట్ట కట్టుకుంది. భుజాన పట్టు ఉత్తరీయం. చేతిలో బెల్లపు జిగురన్నం ముక్కల డబ్బా. వినార్సి గుండె గుభేలుమంది. ఉత్తచేతులతో వచ్చినప్పుడే పెద్ద గోపురం వండించుకుని పోయే మనిషి, ఇవాళ డబ్బాతో వచ్చిందంటే ఊరంతటికీ వండించేలా ఉంది.

టీ వచ్చింది. మాటలు వాన దగ్గర మొదలై మోకాళ్ల నొప్పుల మీదుగా మామిడిపూత దాకా వెళ్లాయి. వినార్సి కుర్చీ అంచుకు జరిగింది.

“మీ చేతి టీ తాగితే ప్రాణం లేచొస్తుంది, బు వినార్సి. ఈ ఇంటి పద్ధతే వేరు. నేనెప్పుడూ ఆయనతో అంటుంటా...”

అదుగో, వెన్న! ఇంకొక్క పొగడ్త పడితే తను కరిగి కారిపోతుంది.

“బు సుమర్నీ, మీరు ఏ పనిమీద వచ్చారో నాకు తెలుసు.”

సుమర్ని మొహం విప్పారింది. “అప్పుడే తెలిసిపోయిందా! హమ్మయ్య, నా పని తేలికైంది.”

“కుదరదండీ.”

‘ఏమో’ లేదు, ‘కానీ’ లేదు. వినార్సి చెవులకే ఆ గొంతు కొత్తగా వినిపించింది.

సుమర్ని గ్లాసు మీది మూత మళ్లీ పెట్టేసింది. “కాస్త ఆలోచించి...”

“ఆలోచించే చెబుతున్నాను.”

“వాళ్లు చాలా ఆశ పెట్టుకున్నారు.”

“ఆశ పెట్టుకోమని నేను చెప్పలేదు కదండీ.”

ఈ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో వినార్సికే తెలియలేదు. అయినా బాగానే ఉంది.

“పోనీ, అమ్మాయిని కూడా ఒక మాట అడిగితే...”

“అసలు కాదనమన్నదే తను! పొద్దున్న గుమ్మంలో నిలబడి మరీ చెప్పి వెళ్లింది.”

“నింగ్రుమే అందా?”

“ఆ. తన పేరు చెప్పమంది కూడా.”

సుమర్ని ఉత్తరీయం భుజాన సర్దుకుంది. ఎంత చిన్నబుచ్చుకున్నా నవ్వు చెదరకుండా లేవడం ఆవిడకు తెలుసు. “పిల్లలు మొహమాటం లేకుండా చెప్పేస్తున్నారు ఈ రోజుల్లో. మంచిదే. సెలవు మరి.” మిగిలిన టీ ముట్టలేదు. డబ్బా మాత్రం అక్కడే ఉండిపోయింది.

గేటు పడగానే వినార్సి తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఆకాశం విరిగి పడలేదు. ఎదురింటివాళ్ల కోడి ఎప్పటిలాగే కూసింది. ఇంత సులువా! ఇన్నేళ్లూ ఇంత చిన్న మాటకా తను గట్టున కూర్చుంది? గదిలోకి వెళ్లి ఈతదుస్తులు తొడుక్కుని అద్దం ముందు చేతులు బారజాపి రెండు బారలు వేసింది. జిగురన్నం ముక్క ఒకటి నోట్లో వేసుకుంది. విజయానికి బెల్లం పాకం బాగా కుదిరింది.

సాయంత్రం నింగ్రుం చెప్పులైనా విప్పకుండా లోపలికి పరుగెత్తుకొచ్చింది, చేతిలో ఫోను వెలుగుతూ ఉంది.

“చెప్పేశా తల్లీ!” అంది వినార్సి, ఈతదుస్తుల్లోనే గిర్రున తిరిగి చూపిస్తూ. “నువ్వన్నట్టే. అడగకముందే!”

నింగ్రుం ఆ మాట వినే స్థితిలో లేదు. నవ్వు ఆపుకోలేక అమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

“అమ్మా, దమర్ వాళ్లు నా సంబంధం అడగడానికి బు సుమర్నిని పంపిస్తున్నారట!”