ముల్లు ఎగిరిన చోటు

ఇలా దగ్గరికి జరగండి. గొంతు పెంచి చెప్పే కథ కాదిది.

పాత గ్రామఫోను రికార్డులు అమ్మే కొట్టు ఒకటుండేది. దాన్ని నడిపే ఆవిడను అందరూ రికార్డులక్క అనేవారు.

ఆ రోజుతో కొట్టు మూత. నాలుగింటికల్లా తాళాలు అప్పగించాలి.

అక్కకు కాలు ఒకచోట నిలవడం లేదు. కాలుగాలిన పిల్లిలా ఈ పెట్టె దగ్గర నుంచి ఆ పెట్టె దగ్గరికి తిరుగుతోంది. కట్టిన పెట్టెనే విప్పుతోంది, విప్పినదాన్నే మళ్ళీ కడుతోంది.

ఆవిడ కొట్టు పెట్టింది వ్యాపారం కోసం కాదు. ఒక్క రికార్డు కోసం.

ఆవిడ తల్లి బతుకు మొత్తంలో ఒకే ఒక్క పాట రికార్డుకిచ్చింది. బిడ్డ పొత్తిళ్ళలో ఉండగానే కన్నుమూసింది. ఇంట్లో మిగిలిన రికార్డేమో చివరి పాదం దగ్గరికి రాగానే టక్కుమని ముల్లు ఎగిరి అవతల పడేది. అమ్మ ఆ పాటను ఎలా ముగించిందో కూతురికి తెలియదు. గీతపడని రికార్డు ఇంకొకటి ఎవరి అటక మీది నుంచో దిగి రాకపోతుందా అని ముప్పై ఏళ్ళు కాచుకుని కూర్చుంది.

ఆ మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చాడు. చొక్కా గుండీలు ఒక కాజా తప్పించి పెట్టుకున్నాడు.

"ఏం కావాలి బాబాయ్?"

"చూస్తానమ్మా."

పాట పేరు చూడడు. పాడినవాళ్ళ పేరు చూడడు. ఒక్కో రికార్డునూ వెలుగుకు వాల్చి, పాట అయిపోయాక నడుమ అతికించిన పేరు చీటీ చుట్టూ మిగిలే నున్నటి అంచును కంటికి ఆనించుకుని చూస్తాడు. పక్కన పెట్టేస్తాడు.

"అక్కడేముంటుంది బాబాయ్, బోడిగుండు! పాట ఇవతలుంది."

"నాకు పని అక్కడేనమ్మా."

"బాగుంది! ఇల్లు కొనడానికొచ్చి గడప కింద చీమల్ని లెక్కపెట్టినట్టుంది."

ముసలాయన నవ్వాడు. చెయ్యి మాత్రం ఆగలేదు. చూస్తూ చూస్తూ బల్ల చివరికి వచ్చాడు. అక్కడ పాటల మిషను మీద ఉన్నది అక్క తల్లి రికార్డు.

వంగాడు. దాని అంచును గోటితో తడిమాడు.

అక్క ఒక్క అంగలో వచ్చి లాక్కుంది.

"ముట్టుకోకండి! ఉన్న గీత చాలదా?"

"అది పడిన గీత కాదమ్మా. పుట్టుగీత."

"అంటే?"

"ఇంకోటి దొరికినా అక్కడే ఎగురుతుంది. వెయ్యి దొరికినా అంతే."

అక్కకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళ ఆశ మీద ఎవడో దారిన పోయేవాడు చెంబుడు నీళ్ళు కుమ్మరించినట్టయింది.

"మీ నోట మంచి మాటే రాదా? పెద్దవారని ఊరుకుంటున్నాను. దయచెయ్యండి."

"ఆ చివరి పాదం గురించే తల్లీ, నేను..."

"మీ పాఠాలు నాకొద్దు. ఇక్కడ చావడానికి కూడా తీరిక లేదు నాకు!"

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ ఏమనుకున్నాడో, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అరగంట గడవలేదు, పాతసామాన్లు కొనేవాడు బండి ఆపి ఒక అట్టపెట్టె దించాడు.

"కొట్టు మూసేస్తున్నావటగా అక్కా. పోతూ పోతూ ఇవి కూడా చూసిపో."

పైనుంచి మూడోది తీసి అక్క చెంగుతో తుడిచింది. చీటీ మీద అమ్మ పేరు. రికార్డు నిగనిగలాడుతోంది. వెంట్రుకంత గీత కూడా లేదు.

మిషను మీద పెట్టి ముల్లు ఆనించింది. అమ్మ గొంతు కొట్టంతా పరుచుకుంది. మొదటి చరణం అయింది. రెండోది అయింది. చివరి పాదం ఎత్తుకుంది.

టక్.

"అదేంటక్కా, కొత్తదేగా!" అన్నాడు బండివాడు.

మళ్ళీ పెట్టింది. టక్.

అక్క చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి ఉరికింది. అటు చూసింది, ఇటు చూసింది. పక్క కొట్టు దర్జీ మిషను ఆపాడు.

"అన్నయ్యా, ఇందాక నా దగ్గరికొచ్చిన పెద్దాయన ఎటెళ్ళాడు?"

"బస్సెక్కేశాడుగా. నీ దగ్గరికొచ్చే ముందు ఇక్కడే నిలబడి, మీ అమ్మ పేరు చెప్పి ఆవిడ కూతురి కొట్టు ఇదేనా అని అడిగాడు. ముందు రికార్డు అంచు మీద తన రాత చూసుకుంటాడట, ధైర్యం వచ్చాక నీకు ఆ పాట పాడి వినిపిస్తాడట. తప్పు పోకూడదని నా ముందు ఒకసారి పాడి చూసుకున్నాడు కూడా, కడదాకా."

"చివర ఏమని పాడాడు అన్నయ్యా? చివర!"

"మిషను తొక్కుతున్నానమ్మా..." దర్జీ తల గోక్కున్నాడు. "బాగుంది. అంతే గుర్తుంది."

అక్క లోపలికి వచ్చింది. రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టి వెలుగుకు వాల్చింది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా చూడని ఆ బోడి అంచు మీద, రెండింటిలోనూ ఒకే చేతిరాత, దారప్పోగంత సన్నగా:

"తుమ్ము నాది. పాట ఆమెది. మళ్ళీ పాడే ఓపిక ఆమెకు లేదు. క్షమించండి."

పాడేవాళ్ళు పాడుతుంటే, ఆ పాటను ముల్లుతో మొదటి పళ్ళెం మీద గీసేవాడొకడు పక్కనే ఉంటాడు. తుమ్మొచ్చి వాడి చెయ్యి అదిరితే, ఆ పళ్ళెం నుంచి అచ్చయ్యే ప్రతి రికార్డూ అక్కడే అదురుతుంది.

తాళాలు ఇచ్చేశాక కూడా అక్క దర్జీ కొట్లో ముక్కాలిపీట వేసుకుని, వచ్చిన ప్రతి బస్సుకూ లేచి నిలబడుతూనే ఉంది.

అందుకే విని ఊరుకోకండి, గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి. ఎక్కడైనా ఒక పెద్దాయన రికార్డుల అంచుల్లో తన రాత వెతుక్కుంటూ కనిపిస్తే, "నీ తుమ్ము మీద ఎవరికీ కోపం లేదు తాతా, ఆ తల్లి నోట చివరి పాదం విన్నవాళ్ళలో నువ్వొక్కడివే మిగిలావు, ఒక్కసారి వచ్చి పాడిపో" అనండి.