గుడ్ల మీద నెమలి మామ

పిల్లలూ, ఈ కథ మీకింతవరకు ఎవరూ చెప్పలేదు. దగ్గరికొచ్చి వినండి.

ఒక అడవిలో పక్షులకు ప్రాణాలు తీసే తెగులు వస్తోంది. దాన్ని రానివ్వని చుక్కల మందు కొంగ వేస్తుంటే, రమ్మని కేకేసేది నెమలి మామ. పొదుగుతున్న తల్లులు తప్ప పక్షులన్నీ వేయించుకున్నాయి. అడవికోడి ఎర్రమ్మకు ఒకటే బెంగ. మందుకు వెళ్తే ఆరు గుడ్లూ చల్లబడి పాడవుతాయి. వెళ్లకపోతే తెగులు తగిలి, పుట్టబోయే పిల్లలు తల్లి లేనివవుతాయి.

మందు అందరికీ అందాలని ఏనుగు తాత నెమలి మామకు గంపెడు జొన్నలు ఇచ్చాడు.

"వీటిని కూలిగా ఇచ్చి పెద్ద డప్పు చేయిస్తా. గూళ్లు వదలని ఆ బద్ధకస్తులకు అప్పుడైనా వినబడుతుంది!" అన్నాడు నెమలి మామ.

"నీ కేకలకే చెవులు పగిలిపోతున్నాయి మామా! నేను లేస్తే గుడ్ల మీద ఎవరు కూర్చుంటారు, నువ్వా?" అంది ఎర్రమ్మ గూట్లోంచే.

అడవంతా గొల్లున నవ్వింది. ఏనుగు తాత మాత్రం నవ్వలేదు. "నిజమే. తల్లుల బదులు కూర్చునేవాళ్లకే ఈ జొన్నలు" అన్నాడు.

మర్నాడు ప్రతి గూటికీ ఒక పక్షి వెళ్లింది. ఎర్రమ్మ మందు వేయించుకుని పరుగున వచ్చేసరికి, తన గుడ్ల మీద నెమలి మామ తోక ముడుచుకుని కూర్చున్నాడు.

"చప్పుడు చేయకమ్మా, నా కింద ఒకటి కిచకిచమంటోంది!" అన్నాడు ఆనందం పట్టలేక.

ఈ కథ మీ నేస్తాలకు చెప్పండి. రాలేనివాళ్లుంటే, వాళ్ల గుమ్మం దగ్గరికే వెళ్లి చెప్పండి.