బురుజు మీది కేక

సరిహద్దు దారిని కాసిన ఆ కోటలో ఒక పద్ధతి ఉండేది. కాపలావాడు "ఎవరది?" అని కేకేస్తాడు. మరొకడు "నేనొచ్చా" అంటేగానీ అతను బురుజు దిగకూడదు. ఒకనాడు సరిహద్దు దూరం జరిగిపోయింది, సైన్యం వెళ్లిపోయింది. చివరివాణ్ణి దింపడానికి ఎవరూ రాలేదు.

ఎన్నో ఏళ్ల తర్వాత, ఒక సాయంత్రం ఆ పాత కోటకు తాళాలు వేస్తున్న వాచ్‌మన్‌కు బురుజు పైనుంచి ఆ కేక వినిపించింది. ఎక్కి చూస్తే ఎవరూ లేరు. చెవి పక్కనే మళ్లీ అదే కేక. ఆ గొంతులోని అలసటకు జాలేసింది.

"నేనొచ్చాలే, నువ్వు పోవయ్యా."

బూట్ల చప్పుడు మెట్లు దిగి వెళ్లిపోయింది. వాచ్‌మన్ కాళ్లు మాత్రం కదల్లేదు.

చాలాసేపటికి మెట్ల మీద టార్చి వెలుగు కనిపించింది. అన్నానికి రాలేదని భార్య వెతుక్కుంటూ వస్తోంది. అతను పళ్లు బిగబట్టాడు. అయినా నోరు పెగిలింది.

"ఎవరది?"

"హమ్మయ్య! ఇక్కడున్నావా? నేనేనయ్యా, నేనొచ్చా."

అతని కాళ్లు కదిలాయి.