మలుపులో కొసరు

సుందర్ రాజ్ ఆ జాగా ఇవ్వనన్నాడు.

పెద్ద జాగా ఏమీ కాదు. రోడ్డు మలుపులో, అతని పూలకొట్టు ముందు, మంచం వేసుకునేంత నేల. గడ్డి తప్ప మరేదీ మొలవదు. అక్కడ రాయ్ ఆర్డెల్ పేరున ఒక రాయి నిలబెట్టాలని అభిమానుల కోరిక.

టిన్ స్పారోస్ బ్యాండుకు పాటలన్నీ రాసింది ఆర్డెల్. డెబ్భై తొమ్మిది అక్టోబరులో, షో ముగించుకుని వెళ్తూ ఆ మలుపులోనే పోయాడు. ఏటా ఆ రోజున న్యూజెర్సీ నలుమూలల నుంచీ జనం వస్తారు. కొవ్వొత్తులు వెలిగిస్తారు. గిటార్లు వాయిస్తారు. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోతారు.

పూలూ కొవ్వొత్తులూ సుందర్ రాజ్ దగ్గరే కొంటారు.

ఎడిసన్‌లో బాగా నడుస్తున్న కిరాణా కొట్టు అమ్మేసి అతనీ కొట్టు కొన్నప్పుడు తెలిసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఊరికి దూరం. కారు ఆపుకోవడానికి కూడా సరైన చోటు లేదు. ఏడాదంతా ఈగలు తోలుకోవాలి. అయినా 'విమల ఫ్లవర్స్' అని బోర్డు రాయించి కూర్చున్నాడు.

తెలుగు చర్చి పాస్టరు దైవాశీర్వాదం గారు స్వయంగా వచ్చి అడిగారు.

“కొట్టు పెట్టడానికి నీకు ఆ మలుపే దొరికిందా, సుందర్ రాజ్? వాడి పేరు చెప్పి పూలమ్మితే వచ్చిన డబ్బు చేత్తో ఎలా ముట్టుకుంటావయ్యా?”

“గిరాకీ ఉన్నచోటే కదండీ అయ్యగారూ, కొట్టు ఉండాలి.”

పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

తెనాలి బజారులో నేర్చుకున్న అలవాటు ఒకటి సుందర్ రాజ్ వదులుకోలేదు. కొన్నవాడికి కొసరు వేయడం. కాకపోతే ఇక్కడ కొసరు ఊరికే రాదు. ఆర్డెల్ గురించి ఒక జ్ఞాపకం చెప్పాలి. చెబితే ఒక పువ్వు ఎక్కువ. అమెరికా వాళ్ళు ఆ మాట ఇష్టంగా నేర్చుకున్నారు. జ్ఞాపకం చెప్పి, “కొసరు?” అని చెయ్యి చాపేవారు.

ఒకావిడకు వానలో ఆర్డెల్ తన కోటు విప్పి ఇచ్చాడట. ఫ్యాక్టరీ మూతపడి చావాలనుకున్న ఒకాయన అతని పాట విని ఆగిపోయాడట. విరిగిన చేతికి వేసిన కట్టు మీద అతను సంతకం చేస్తే, ఒకడు ఆ కట్టును ఇప్పటికీ దాచుకున్నాడట.

అన్నీ విని సుందర్ రాజ్ అందరినీ ఒకటే అడిగేవాడు. ఆ రాత్రి గురించి ఇంకేమైనా గుర్తుందా?

పొగమంచు, అనేవారు. మలుపు మంచిది కాదు, అనేవారు. రోడ్డు పక్కన అప్పుడు కమ్మీలు కూడా లేవు, ఆ మలుపే మా ఆర్డెల్‌ని చంపింది, అనేవారు.

అంతేనా అంటే, అంతే అనేవారు. అతను పువ్వు ఇచ్చేసేవాడు.

ఇంటికి వచ్చేవాళ్ళ కోసం వరండాలో దీపం ఆర్పకుండా ఉంచే పాట ఒకటి ఉంది. ఆర్డెల్ పాటల్లో అందరికీ ప్రాణమైనది అదే. అది ఎత్తుకోగానే సుందర్ రాజ్ లోపలికి వెళ్ళి బకెట్లలో నీళ్ళు మార్చుకునేవాడు.

జాగా సంగతి మాట్లాడటానికి అభిమానులు నవోమిని పంపారు. కాలేజీ పిల్ల. ఆ కుటుంబం కిందటేడే టెక్సాస్ నుంచి వచ్చి చర్చిలో చేరింది. తెలుగు అమ్మాయి అడిగితే తెలుగువాడు కాదనడని వాళ్ళ లెక్క.

“అంకుల్, ప్లీజ్. మీ బిజినెస్ వాళ్ళ వల్లే కదా? ఎంత అడిగితే అంత పే చేస్తారు.”

“డబ్బు వద్దమ్మా.”

“మరి ఎందుకు నో అంటున్నారు? మీరు బార్గెయిన్ చేస్తున్నారు అని రిక్ అంటున్నాడు.”

రిక్ అంటే అభిమాన సంఘానికి పెద్ద.

“మీ రిక్‌కి వ్యాపారం తెలుసు,” అన్నాడు సుందర్ రాజ్. “జాగా ఊరికే రాసిస్తాను. ఇన్నాళ్ళూ అందరికీ వేశాను కదా, నాకూ ఒక కొసరు వేయమను.”

పూలు చుట్టే కాగితం మీద ఇంగ్లీషులో ఒక్క మాట రాసి ఇచ్చాడు.

“అతని పేరు కింద ఇది చెక్కించాలి. చిన్న అక్షరాలైనా సరే.”

నవోమి చదివింది. తలెత్తి బోర్డు వైపు చూసింది. నవ్వింది.

“టూ మచ్ అంకుల్ మీరు. రాయి మీద కూడా యాడ్ ఆ? ఫ్లవర్స్ అని రాయలేదు, మర్చిపోయారు.”

“అంత చాలమ్మా.”

ఆ పిల్ల ఇంకొక్క మాట అడుగుతుందేమోనని చూశాడు. అడగలేదు. అడగనివాళ్ళకు సరుకు చూపించడం అతని పద్ధతి కాదు. రాయికేం, ఎన్నాళ్ళైనా అక్కడే ఉంటుంది. దాన్ని చూసిన వాళ్ళలో ఒక్కరైనా అడక్కపోరు.

అక్టోబరులో రాయి నిలబెట్టారు. ఎప్పుడూ రానంత జనం వచ్చారు. వరండా దీపం పాట ఎత్తుకున్నారు. ఈసారి సుందర్ రాజ్ లోపలికి వెళ్ళలేదు. రాయి పక్కనే నిలబడ్డాడు.

పత్రికవాడు ఫోటో తీయబోయి ఆగాడు. రిక్ వంగి రాయి కేసి చూశాడు. అందాకా చేతిలో ఉన్న పెద్ద పూలగుత్తిని, పొద్దున్న సుందర్ రాజ్ దగ్గర కొన్నదాన్నే, కింది అక్షరాలు కనబడకుండా ఆనించాడు.

“డోంట్ మైండ్ అంకుల్,” అంది నవోమి నెమ్మదిగా. “షాప్ నేమ్ కనిపిస్తే పేపర్‌లో వేయరట.”

“పర్వాలేదమ్మా.”

అలవాటు కొద్దీ బకెట్‌లోంచి ఒక తెల్ల గులాబీ తీసి రిక్‌కి కొసరు ఇచ్చాడు. రిక్ దాన్ని కూడా ఆ అక్షరాల మీదే పెట్టాడు.

డెబ్భై తొమ్మిదిలో ఆ రాత్రి తాగి కారు నడిపిన ఆర్డెల్ ఆ మలుపులో ఒంటరిగా చావలేదు. అతను గుద్దిన కారులో, ఆసుపత్రిలో డ్యూటీ దిగి ఇంటికి వస్తున్న సుందర్ రాజ్ భార్య విమల ఉంది.