చివరి పేజీ

“ఇది మీరు రాసిందేనాండీ?” అంటూ స్కూలు వ్యాను డ్రైవరు ఒక పేపరు ముక్క నా బల్ల మీద పెట్టాడు.

నేను లాయర్ని. ప్రతి ఆదివారం కోర్టు తీర్పుల మీద పత్రికలో రాస్తుంటాను. దొంగతనం కేసులో అతను విడుదలైనప్పుడు “సాక్ష్యం చాలక బయటపడ్డాడు” అని రాశాను.

“మిమ్మల్ని దొంగ అనలేదుగా?” అన్నాను.

“అనలేదండీ. జనమే అనుకునేలా రాశారు.”

అతను తీర్పు కాపీ తెరిచి మధ్యలో ఒక పేజీ చూపించాడు. సాక్షులు అబద్ధమాడారనీ, ఇతను పూర్తిగా నిర్దోషి అనీ జడ్జిగారు స్పష్టంగా రాశారు.

ఆ వాక్యాలు రెండుసార్లు చదివాను.

“జడ్జిగారికి తెలియనిదేదో మీకు తెలుసని మా ఆవిడ అనుమానమండీ. అంత చదువుకున్నాయన ఊరికే రాస్తాడా అంటుంది. అదేంటో చెబితే విని పోతాను.”

“నాకేమీ తెలియదు. తీరిక లేక చివరి పేజీ ఒక్కటే చదివి రాసేశాను.”

కోప్పడతాడనుకున్నాను.

“ఆ ముక్క ఆవిడకి చెప్పండి, చాలు. లోపలికి రానని బయటే కూర్చుంది,” అన్నాడు.

అతనితో పాటు వరండాలోకి వెళ్లాను. బెంచీ మీద ఉన్న ఆమెకు చేతులు జోడించాను.

“తప్పు నాదమ్మా. తీర్పు చదవకుండా రాశాను. మీ ఆయన ఏ పాపం ఎరగడు. వచ్చే ఆదివారం పేపర్లోనూ ఇదే రాస్తాను.”

ఆమె భర్త మొహంలోకి చూడలేక రెండు చేతులతో కళ్లు మూసుకుంది.

“నువ్వు రోజూ చెబుతూనే ఉన్నావు కదయ్యా,” అంది.