సంచిలో తాత ఫొటో

"ఇప్పుడే కాదమ్మా ఐలీ! తాత సాయంత్రం నిన్ను తీసుకెళ్లడానికి వచ్చాక కదా ఇది సంచిలో వెయ్యాలి" అంటూ కెర్తు టీచరు తాత ఫొటోను సంచిలోంచి తీసి, గోడ మీది ఆ రోజు పనుల బొమ్మల వరుసలో చివరన అతికించింది.

ఐదేళ్ల ఐలికి మాటలు రావు. ఏ పని ముగిస్తే ఆ బొమ్మను "అయిపోయింది" అనే ఎర్ర సంచిలో వేయడం ఈ శీతాకాలమే నేర్చుకుంది.

ఐలి ఫొటో పీకి మళ్లీ సంచిలో వేసింది.

"మొండి ఘటం! అచ్చం తాతే" ఆయా రైయా నవ్వింది. "సరస్సు మీద గడ్డకట్టిన మంచు కరుగుతోంది, దాని మీద నడిచి చేపలకు వెళ్లకు మహానుభావా అంటే వింటాడా? అవునూ, ఇవాళ పిల్లను దింపి, కాఫీ అడగడానికైనా లోపలికి రాలేదేం?"

కెర్తు చూపు పిల్ల కాళ్ల మీద పడింది. కుడి బూటు ఎడమ కాలికి ఉంది. మేజోళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి.

"ఒక్కదానివే వచ్చావా తల్లీ? తాతేడీ?"

ఐలి సంచిలోంచి ఫొటో తీసింది. బొమ్మల పెట్టెలో వెతికి, నేల మీద ఒక్కొక్కటే పేర్చింది. తాత. చేప. నీళ్లు.

ఎప్పుడూ ఒక్క బొమ్మకు మించి చూపించని పిల్ల.

"రైయా, ఫోన్ చెయ్యి! సరస్సు దగ్గరికి మనుషుల్ని పంపమను!"

రైయా పరుగెత్తింది. ఐలి తాత ఫొటోను తీసుకెళ్లి సంచిలో వేసింది.

ఈసారి కెర్తు దాన్ని వెనక్కి తీయలేదు.