మగ్గాల గది కొలతలు

"ఇంకెంతసేపు బిడ్డా?"

సాయిశ్రీ చేతిలోంచి టేపు జారిపోయింది. గుమ్మంలో ఆ తువ్వాల మనిషి. మళ్లీ వచ్చాడు మహానుభావుడు!

గద్వాల పాతబజారులో రోడ్డు వెడల్పు చేస్తున్నారు. నేతవాళ్ల పాత ఇంటి ముందుకు జేసీబీ వచ్చింది కానీ, రాగానే చెడిపోయి కూర్చుంది.

"మెకానిక్ రేపొస్తడు. మిషన్ బాగయ్యేదాంక కొలుచుకోండ్రి మేడం. తర్వాత ఒక్క ఘడియ గూడ ఆగ" అని పొద్దున చెప్పి వెళ్లాడు కాంట్రాక్టర్ దేవరాజు.

హైదరాబాద్‌లో పాత కట్టడాల సంరక్షణ మీద పీజీ చేస్తున్న సాయిశ్రీకి ఆఖరి ఏడాది ప్రాజెక్టు ఈ ఇల్లే. కూలేలోపు అంగుళం అంగుళం కొలిచి గీసుకోవాలి. వసారా, దూలాలు, నగిషీ తలుపు అయిపోయాయి. మగ్గాల గది మిగిలింది. నేలలో మగ్గం గుంటలు, నేతగాళ్ల వీపులు ఆనీ ఆనీ నునుపెక్కిన గోడ. ఆ గది లేకపోతే ఇన్నాళ్ల కష్టమంతా దండగే.

"ఏ దిక్కు మిగిలింది?" తువ్వాల మనిషి మెడ చాచి కాగితంలోకి చూశాడు.

"నీకెందుకన్నా?"

"గట్ల కాదు బిడ్డా. ఫొటోలు ఎన్కకు దిగొచ్చు. ముందు మగ్గాల గది పట్టు. జర జల్ది కానియ్యి."

ఒళ్లు మండింది సాయిశ్రీకి. కాంట్రాక్టర్ మనిషే, సందేహం లేదు! పనీపాటా లేకుండా జేసీబీ నీడలో కూర్చుని చాయ్ తాగడం, తాగగానే వచ్చి తొందరపెట్టడం. ఆ చిరాకులో గీత తప్పింది. చెరపబోతే కాగితం చిరిగింది.

గుమ్మంలో మళ్లీ అదే ముఖం.

"అయిందా బిడ్డా?"

ఇక తట్టుకోలేక దేవరాజుకు ఫోన్ చేసింది.

"సార్, మీ మనిషి నన్ను పని చేసుకోనిస్తలేడు. ఒక్కదాన్నే ఉన్న. మాటిమాటికి వచ్చి గుమ్మంల నిలబడుతుండు. పోలీసులకు చెప్పమంటరా?"

"ఎవడు, కుర్మయ్యనా? మీరు పరేషాన్ గాకుండ్రి. ఇప్పుడే ఎళ్లగొడ్త."

కాసేపటికి బయట అరుపులు.

"ఆడపిల్లను సతాయిస్తవారా? నడువ్! ఇగ పనికి రాకు!"

కుర్మయ్య ఏదో చెప్పబోయాడు. గుమ్మంలో నిలబడ్డ సాయిశ్రీని చూసి నోరు మూసుకున్నాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని సందు మలుపు తిరిగిపోయాడు.

హమ్మయ్య! పీడ విరగడైంది.

టేపు పరిచి మొదటి గుంట లోతు రాసుకుంటుండగానే బయట ఇంజన్ గుర్రుమంది.

"మేడం, బయటికి రండ్రి!" దేవరాజు కేకేశాడు. "మిషన్ నడుస్తుంది."

"సార్, ఒక్క గంట! ఈ ఒక్క గది!"

"ముందే చెప్పిన గదమ్మా."

బతిమాలింది, ఏడ్చినంత పని చేసింది. దేవరాజు వినలేదు. మగ్గాల గది కప్పు కుప్పకూలింది. సున్నం దుమ్ములో సాయిశ్రీ కళ్లు మూసుకుంది. నీళ్లు ఆగలేదు.

దేవరాజు పక్క సైటు నుంచి తెచ్చిన కొత్త డ్రైవర్ మంచినీళ్లకు దిగితే, అతన్ని ఉక్రోషంగా అడిగింది. "మెకానిక్ రేపు గదా వచ్చేది! ఇంత జల్ది ఎట్ల బాగైంది?"

అతను దేవరాజు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"దీనికేం కాలేదు మేడం, మీ కొలతలు అయ్యేదాంక ఇల్లు నిలవాల్నని, ఖరాబైందని సార్‌కు అబద్ధం జెప్పి ఆపిండంట దీని డ్రైవర్ కుర్మయ్య."